వెళ్ళొస్తానని చెప్పలేని ప్రయాణం

మా ఇంట్లో 'పోత' అనకూడదు. బడికైనా, బావికైనా, పట్నం హాస్టలుకైనా 'పోయొస్త' అనే బయల్దేరాలి. పొరపాటున 'పోతున్న' అని గడప దాటితే అమ్మ వెనక్కి పిలిచి, సరిగ్గా అనిపించి మళ్ళీ పంపేది. యూనివర్సిటీకి వచ్చాక చూస్తే కోస్తా స్నేహితుల ఇళ్ళల్లోనూ ఇంతే. అక్కడది 'వెళ్ళొస్తాను'. మన వీడ్కోలు మాటలోనే తిరిగి రావడం ఉంది. ఈ నియమం మగపిల్లలకీ ఉంది గానీ, ఆడపిల్లలకి దానికొక టైము కూడా జతవుతుంది. పోవాలి, పొద్దు గూకకముందే రావాలి.

నాకిప్పుడు ముప్ఫై ఆరేళ్ళు. ఇంగ్లండు మధ్య జిల్లాల్లోని ఒక యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ, నాలుగేళ్ళుగా శని, ఆదివారాల్లో గ్లైడర్ నడపడం నేర్చుకుంటున్నాను. గ్లైడర్‌కి ఇంజను ఉండదు. ఇంకో విమానం తాడు కట్టి పైకి లాగి, రెండు వేల అడుగుల ఎత్తులో వదిలేస్తుంది. పైకి లేచే గాలి దొరికితే ఆకాశంలో ఉంటాం, దొరక్కపోతే దిగుతాం. ఒంటరిగా ఎగరడం వచ్చి రెండేళ్ళయింది. ఈ వేసవిలో మొదటిసారి క్రాస్‌కంట్రీ వెళ్ళాలని తయారవుతున్నాను. అంటే లేచిన చోటే దిగకుండా, కనీసం యాభై కిలోమీటర్ల దూరంలో ఇంకో చోట దిగడం. సిల్వర్ బ్యాడ్జీకి కావలసిన మూడింటిలో ఇదొకటి. మిగిలిన రెండూ, అయిదు గంటలు గాలిలో ఉండడం, వెయ్యి మీటర్ల ఎత్తు సంపాదించడం. అందరూ కష్టమనే ఆ ఎత్తు నాకు ముందే దొరికింది. యాభై కిలోమీటర్ల దూరమే రెండు వేసవులుగా వాయిదా పడుతోంది. ఎందుకు వాయిదా వేస్తున్నానో ఆలోచిస్తూ ఇది రాస్తున్నాను.

క్లబ్బు చుట్టూ ఎగిరేటప్పుడు ఒకటే లెక్క. ఇక్కణ్ణించి ఇంటికి చేరగలనా? మా గ్లైడర్ నిశ్చలమైన గాలిలో ఒక కిలోమీటరు ఎత్తు పోగొట్టుకుంటూ ముప్ఫై అయిదు కిలోమీటర్లకి పైగా జారగలదు. కానీ ఎదురుగాలి, కిందికి దిగే గాలి ఉంటాయి గనక ఇరవై మాత్రమే నమ్మమంటారు. మూడు వేల అడుగుల ఎత్తులో ఉన్నాననుకుంటే, సురక్షితంగా చుట్టు తిరిగి దిగడానికి వెయ్యి అడుగులు పక్కన పెట్టాలి. మిగిలిన రెండు వేల అడుగులకి పన్నెండు కిలోమీటర్లు. మ్యాపు మీద ఎయిర్‌ఫీల్డు చుట్టూ పన్నెండు కిలోమీటర్ల వలయం గీస్తే అదే నా ప్రపంచం. గుంజకి కట్టేసిన దూడకి తలుగెంత పొడవో తెలిసినట్టు నాకా గీత ఒంటికి తెలుసు. గీత దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతటదే గ్లైడర్‌ని వెనక్కి తిప్పుతుంది. క్రాస్‌కంట్రీ అంటే ఆ గీత దాటడం. దాటిన కాసేపటికి వెనక్కి వెళ్ళలేని చోటొకటి వస్తుంది. అవతలి ఎయిర్‌ఫీల్డు వలయంలోకీ ఇంకా చేరం. అక్కడ గాలి దొరక్కపోతే కింద ఉన్న ఎవరి పొలంలోనో దిగాల్సిందే.

నా పీహెచ్‌డీ తెలుగు యాత్రా రచనల మీద. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నించి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, 1831లో ఇంటికి చేరారు. యాత్రా సాహిత్యానికి ఆకారం ఇచ్చేది ఈ తిరిగి చేరడమేనని థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాను. ఆ పెద్ద పరివారంలో స్త్రీలూ ఉన్నారనీ, దారి పొడుగునా వాళ్ళకేమనిపించిందో మనకి అందలేదనీ కూడా రాశాను. అప్పుడది మంచి వాదనే అనిపించింది. తిరిగి చేరడం మీద నాకెంత మొహమో మాత్రం ఆ అధ్యాయం రాస్తున్నప్పుడు గమనించలేదు.

తయారీలో మొదటి సమస్య నా బరువు. సింగిల్ సీటర్ కాక్‌పిట్‌లో ఒక చిన్న పలక ఉంటుంది. పైలట్ బరువు పారాచ్యూట్‌తో కలిపి కనీసం 70 కిలోలు ఉండాలని దానిమీద రాసుంటుంది. నా బరువు 52. పారాచ్యూట్ ఏడు కిలోలు. తక్కువైన పదకొండు కిలోలకి సీసం దిమ్మలు బిగించుకోవాలి. ఇది నియమం కోసం నియమం కాదు. ముందు బరువు తక్కువైతే గరిమనాభి వెనక్కి జరుగుతుంది. అప్పుడు గ్లైడర్ వేగం కోల్పోయి గింగిరాలు తిరిగితే బయటపడడం కష్టమవుతుంది. నా ప్రాణం ఆ సీసంలో ఉంది. కానీ ప్రతిసారీ ఆ దిమ్మలు మోసుకెళ్ళి బిగించుకుంటుంటే, ఈ యంత్రాన్ని గీసినవాళ్ళ మనసులో కూర్చున్న మనిషెవరో తెలుస్తూనే ఉంటుంది. నేను మొదట చేరిన క్లబ్బు వేరే ఊళ్ళో. అక్కడొకాయన నన్ను చూసినప్పుడల్లా కాస్త లావెక్కమనేవాడు. క్రాస్‌కంట్రీ సంగతి అడిగితే, ఇక్కడే చుట్టూ తిరగడం హాయి కదా అనేవాడు. నాకంటే తక్కువ గంటలు ఎగిరిన కుర్రాళ్ళ ముందు మ్యాపు పరిచేది కూడా ఆయనే. ఆయన్ని తిట్టుకుంటూ ఆ క్లబ్బు మానేశాను. ఇప్పటి క్లబ్బులో అలా అనేవాళ్ళు లేరు. అయినా ఏడాదిన్నర పాటు నేనే చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. ఇక తిట్టుకోవడానికి ఎవరూ మిగల్లేదు.

రెండో సమస్య మూత్రం. దీని గురించి రాయాలా అని ఆలోచించి, రాయాలనే నిర్ణయించుకున్నాను. మూడు నాలుగు గంటలు బెల్టులతో బిగించుకుని, దాదాపు వెల్లకిలా కూర్చునే సీటులో మగవాళ్ళకి సంచీయో గొట్టమో సరిపోతుంది. దాని గురించి వాళ్ళు నవ్వుకుంటూ బహిరంగంగానే చెప్పుకుంటారు. ఆడవాళ్ళు ఏం చేస్తారని నేను ఎవర్నీ అడగలేదు. తాగడం మానేశాను. పొద్దున్నించీ నీళ్ళు ముట్టకుండా ఎగిరి, రెండో గంటలో తలనొప్పి, మూడో గంటలో చిరాకు. ఒకరోజు దిగడానికి ముందు చూసుకోవలసిన వరసలో ఒక అంశం మర్చిపోయాను. ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు మా హైస్కూలు గుర్తొచ్చింది. ఆడపిల్లలకి మరుగుదొడ్డి లేని బడి. పొద్దున ఇంట్లో నీళ్ళు తాగకుండా వెళ్ళి సాయంత్రం దాకా బిగబట్టుకున్న అయిదేళ్ళు. గ్రామీణ బాలికల చదువు మీద సెమినార్లలో ఇదే విషయం ఎన్నిసార్లు మాట్లాడానో! ఇంగ్లండు ఆకాశంలో మూడు వేల అడుగుల మీద కూడా నేను ఆ బడి బెంచీ మీదే కూర్చుని ఉన్నానన్నమాట. ఒంట్లో నీళ్ళు తగ్గితే ముందు దెబ్బతినేది ఆలోచన. పొలం ఎంచుకోవాల్సిన నిమిషంలో కావలసింది అదే. చివరికి క్లబ్బులో ఒకామెని అడిగాను. పెద్దవాళ్ళ డైపర్లని ఒక్క మాటలో చెప్పింది. కొని, ముందు ఇంట్లో కుర్చీలో కూర్చుని అలవాటు చేసుకోమంది. ఎందుకంటే ఒళ్ళు ఒప్పుకోదు. నిజంగానే ఒప్పుకోలేదు. నాలుగు రోజులు పట్టింది.

మూడోది పొలం చూడడం. మోటారు గ్లైడర్‌లో ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చుంటాడు. మామూలుగా ఎగురుతుండగా ఇంజను శబ్దం తగ్గించేసి, ఎక్కడ దిగుతావని అడుగుతాడు. రెండు వేల అడుగుల దగ్గర దిగడానికి వీలైన ప్రాంతం చూసుకోవాలి. పదిహేను వందల దగ్గర ఒక పొలం నిర్ణయించుకోవాలి. వెయ్యికి వచ్చేసరికి ఇక మార్చకుండా దిగడం మొదలుపెట్టాలి. ఇంగ్లీషులో అయిదూ 'ఎస్' అక్షరంతో మొదలయ్యే సూత్రం ఒకటుంది. పొలం పొడవు, వాలు, నేల తీరు, చుట్టూ ఉన్నవి, పశువులు. వీటికి తోడు గాలి ఎటు వీస్తోందో చూడాలి. కరెంటు తీగలు పైనించి కనపడవు, స్తంభాలు వెతుక్కోవాలి. పసుపు పూల ఆవ జాతి పంట అందంగా ఉంటుంది గానీ ఎత్తుగా, దట్టంగా పెరిగి గ్లైడర్‌ని పట్టుకుని తిప్పేస్తుంది. పచ్చిక బయలు మెత్తగా కనిపిస్తుంది గానీ దాని ఎగుడుదిగుళ్ళు పైకి తెలియవు. దుక్కి చేసి చదును చేసిన నేల మంచిది. కోత అయిపోయిన కొయ్యకాళ్ళ పొలం అన్నిటికంటే మంచిది.

పంటలు నాకు తెలుసు కదా అని ధైర్యంగానే వెళ్ళాను. మొదటిసారి నేను చూపించిన పచ్చటి పొలం కిందికి వెళ్ళేకొద్దీ వాలుగా మారింది, చివర తీగలు తేలాయి. రెండోసారి ఒకటి చూశాను, దానికంటే మంచిది ఇంకొకటి కనపడింది, అవతల ఇంకా మంచిది ఉండొచ్చనిపించింది. ఇన్‌స్ట్రక్టరు మళ్ళీ ఇంజను పెంచి, "ఎనిమిది వందల అడుగులు. నువ్వింకా వెతుకుతూనే ఉన్నావు" అన్నాడు. సరిపోయే పొలం ముందే ఎంచుకున్నవాళ్ళు దిగుతారు. శ్రేష్ఠమైన పొలం కోసం చివరిదాకా చూసేవాళ్ళు దెబ్బతింటారు. థీసిస్ ఏడేళ్ళు రాసినదాన్ని, ఇంకొక పుస్తకం చూడకుండా వాక్యం ముగించలేనిదాన్ని. నాకిది చాలా కష్టపడి నేర్చుకోవలసిన విద్య అయింది.

ఇంకో చిక్కు నేను ఇన్‌స్ట్రక్టరుకి చెప్పలేదు. మా నాయనమ్మకి సొంత పొలం లేదు. ఊళ్ళో అందరి పొలాల్లో నాట్లేసింది, కలుపు తీసింది. పిలిస్తేనే పోవాలి. పిలవని పొలంలోంచి అడ్డదారిన నడిస్తే మాటలు పడాలి. గట్టుని మా వైపు ఒడ్డంటారు. ఎవరి ఒడ్డు మీద కాలు పెట్టొచ్చో, ఎవరిది చుట్టూ తిరిగి పోవాలో నాకు ఆరేళ్ళకే తెలుసు. ఇప్పుడు అడక్కుండా, పిలవకుండా, పదిహేను మీటర్ల రెక్కలతో ఒక తెల్లరైతు పొలం మధ్యలో దిగి, నవ్వుతూ నమస్కారం పెట్టడానికి తయారవ్వాలి. చాలామంది రైతులు టీ ఇస్తారనీ, పంట పాడైతే భీమా ఉందనీ క్లబ్బులో చెబుతారు. చెప్పేవాళ్ళు నా రంగువాళ్ళు కారు. వాళ్ళు అబద్ధం చెబుతున్నారని నేననుకోను. నాయనమ్మ కాళ్ళలో ఉన్న భయం నా కాళ్ళలోకి ఎట్లా వచ్చిందో వాళ్ళకి తెలియదు, అంతే.

ఆ నాయనమ్మే నాకు గాలిని కూడా చూపించింది. ఎండాకాలం మధ్యాహ్నం దుక్కి పొలంలో సుడిగాలి లేచి, ఎండుటాకులు గిర్రున పైకి పోతుంటే, దయ్యం పోతోంది, దూరం జరగమనేది. అది థర్మల్. ఎండకి నల్లటి దుక్కి పక్కనున్న పచ్చటి చేనుకంటే ముందు వేడెక్కుతుంది, దానిమీది గాలి తేలికై లేస్తుంది. పైకి పోయి చల్లబడి మబ్బు కడుతుంది. రెక్క కదపకుండా గద్ద తిరిగేది ఆ గాలిలోనే. మేము తిరిగేదీ దాంట్లోనే. మన దేశంలో 1950ల చివరినించి తయారైన గ్లైడర్లకి అశ్విని, భరణి, రోహిణి, కార్తిక్, మృగశీర్ష అని నక్షత్రాల పేర్లు పెట్టారని తెలిసినప్పుడు భలే సంతోషం వేసింది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలోనే కదా సుడిగాళ్ళు లేచేది!

ముందు నడిచిన ఆడవాళ్ళ కోసం వెతకడం మన వృత్తిరోగం. నేనూ వెతికాను. ఫార్న్‌బరోలో విమాన ఇంజనీరుగా పనిచేసిన ఆన్ బర్న్స్ 1966లో బ్రిటిష్ జాతీయ గ్లైడింగ్ పోటీలు గెలిచింది. ఆ విజయం సాధించిన మొదటి స్త్రీ. హన్నా రైట్ష్ 1937లో గ్లైడర్ మీద ఆల్ప్స్ దాటింది. 1959లో మన దేశం వచ్చి నెహ్రూని ఢిల్లీ మీద గ్లైడర్‌లో తిప్పింది. కానీ 1945 ఏప్రిల్‌లో, ముట్టడిలో ఉన్న బెర్లిన్‌లో హిట్లర్ బంకర్‌కి వెళ్ళింది కూడా ఈవిడే. యుద్ధం తర్వాత పశ్చాత్తాపపడ్డదీ లేదు. ఎగరగలిగినంత మాత్రాన మనిషికి స్వేచ్ఛంటే ఏమిటో తెలిసినట్టు కాదని ఆమె జీవితం చెబుతుంది. ఆమెని నేను పూర్వీకురాలనుకోను. 2022 ఆగస్టులో స్త్రీల ప్రపంచ గ్లైడింగ్ పోటీలు మాకు దగ్గర్లోనే, హస్‌బాండ్స్ బాస్‌వర్త్ అనే ఊళ్ళో జరిగాయి. ఆ పేరులోని 'హస్‌బాండ్స్' భర్తలు కారట, పాత ఇంగ్లీషులో సేద్యగాళ్ళు. చూడ్డానికి వెళ్ళాను. వరసగా నిలబెట్టిన గ్లైడర్లలో ఆడవాళ్ళు ఎక్కి కూర్చుంటుంటే, పక్కన రెక్క పట్టుకుని నిలబడ్డ కొంతమంది మగవాళ్ళని నేను కాస్త ఎక్కువసేపే చూశాను.

ఎందుకంటే గ్లైడింగ్‌లో ఆ పక్కన నిలబడేవాళ్ళని 'క్రూ' అంటారు. పైలట్ పొలంలో దిగి ఫోన్ చేస్తే, కారుకి పొడవాటి ట్రెయిలర్ తగిలించుకుని వెతుక్కుంటూ వెళ్ళి, రెక్కలు ఊడదీసి, గ్లైడర్‌ని అందులో పెట్టి, మనిషినీ యంత్రాన్నీ ఇంటికి తెచ్చేవాళ్ళు. చాలాకాలం ఈ పని భార్యలది. నాకు భర్త లేడు, భార్యా లేదు. మ్యాపు, పరికరాలు, సీసం, డైపర్లు అన్నీ సిద్ధమయ్యాక కూడా ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. నువ్వు దిగిపోతే ఎవరొస్తారు? ఇతరులకి వండిపెట్టడం, వాళ్ళ థీసిస్‌లు దిద్దిపెట్టడం నాకు వచ్చు. నాకోసం ఒకరి శనివారం అడగడం రాదు. నా రెండు వేసవులూ ఎక్కువగా ఇక్కడే పోయాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

క్లబ్బులో అరవై ఎనిమిదేళ్ళ రిటైర్డ్ నర్సు ఒకావిడ ఉంది. ముప్ఫై ఏళ్ళు భర్త కోసం ట్రెయిలర్ లాగింది. ఆయన పోయాక కూడా క్లబ్బుకి వస్తుంది, టీ పెడుతుంది, లాగ్‌బుక్ రాస్తుంది. తను ఎప్పుడూ గ్లైడర్ నేర్చుకోలేదు. నాకు సలహా చెప్పింది ఈవిడే. క్రూగా వస్తానని ఆమే అంది. నాకు సిగ్గేసింది. ఆమె ముప్ఫై ఏళ్ళ చాకిరీని వ్యాసంలో విశ్లేషించగలిగినదాన్ని, ముప్ఫై ఒకటో ఏడు నేనే వాడుకోబోతున్నాను. ఆ మాటే కొంచెం మర్యాదగా చెప్పాను. ఆమె విసుక్కుంది. "ఆయన ఎన్నడూ అడగలేదు, నేను వస్తానని ఆయనకి తెలుసు. నువ్వు అడుగు. అడిగితే వస్తాను. ఫోన్ చేసినప్పుడు సారీ చెప్పకు, పొలం ఎక్కడో చెప్పు" అంది. సరే, అడిగాను. పెట్రోలు నాది, ఆమె వద్దన్నా భోజనం నాది. పనికి పేరు పెట్టి, అడిగి, లెక్క కట్టాం. దీంతో అసమానత పోయిందని అనను.

నిన్న రాత్రి మ్యాపు మీద గీత గీశాను. లీసెస్టర్‌షైర్ దక్షిణపు అంచు నించి తూర్పుగా, కేంబ్రిడ్జ్ దగ్గరి గ్రాన్స్‌డెన్ లాడ్జ్ ఎయిర్‌ఫీల్డు దాకా. దాదాపు డెబ్భై కిలోమీటర్లు. ఏ14 రోడ్డు చాలాదూరం పక్కనే వస్తుంది. కెటరింగ్ మొదటి గుర్తు. అక్కడికి చేరకముందే నా వలయం తెగిపోతుంది. ఆ తర్వాత నీన్ నది, దాని మీద థ్రాప్‌స్టన్. గ్రాఫమ్ వాటర్ చెరువు దగ్గరికి వెళ్ళేసరికి యాభై కిలోమీటర్లు నిండుతాయి. గీత మొదట్లో, కొంచెం దక్షిణంగా నేస్‌బీ ఉంది. 1645 జూన్‌లో రాజు సైన్యం ఓడిపోయిన చోటు. గెలిచిన పార్లమెంటు సైనికులు ఆ సైన్యం వెంట నడిచిన స్త్రీలని కనీసం వందమందిని చంపారు. ఇంకెందరి మొహాలో కత్తులతో కోశారు. వాళ్ళు వెల్ష్‌లో మాట్లాడితే ఐరిష్ వాళ్ళనుకున్నారని అంటారు. ఇంటి నించి దూరంగా, తమది కాని పొలంలో, తమ భాష తెలియని మగవాళ్ళ మధ్య. పెన్సిలు అక్కడ కాసేపు ఆగింది. నా భయాన్ని దానితో పోల్చడం అన్యాయమే. కానీ ఆడవాళ్ళు ఇంటికి దూరంగా ఉండడానికి ఒక చరిత్ర ఉందనీ, మ్యాపుల్లో అది గుర్తు పెట్టి ఉండదనీ తెలిసి ఎగరడం వేరు, తెలియక ఎగరడం వేరు.

శనివారం పడమటి గాలి, తేలికగా. మధ్యాహ్నానికి మబ్బులు నాలుగు వేల అడుగుల మీద కడతాయంటున్నారు. ఇవాళ అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. ఇంజను లేదన్నది ఆమెకి ముందే తెలుసు. ఎక్కడ దిగుతానో ఖాయంగా తెలియదన్నది కొత్త.

"ఎవరన్న పొలంల దిగుతవా?"

"దిగాల్సి రావొచ్చమ్మా."

చాలాసేపు మాట్లాడలేదు. ఇక వద్దంటుందనుకున్నాను.

"దిగితే ఒడ్డు మీదికెల్లి నడువు. పంట తొక్కకు" అంది.

సరేనన్నాను. శనివారం పొద్దున పోతున్నానని చెప్పి పెట్టేశాను. ఏమన్నానో పెట్టేశాక గానీ తెలియలేదు. అమ్మ మళ్ళీ ఫోన్ చేసి దిద్దుతుందేమోనని చూశాను. చెయ్యలేదు. గుర్తించలేదో, గుర్తించీ ఊరుకుందో అడగను.

సంచీలో మ్యాపు, టార్చి, చార్జింగ్ పెట్టిన ఫోను, రెండు అరటిపళ్ళు, రెండు లీటర్ల నీళ్ళు పెట్టుకున్నాను. ఈసారి నీళ్ళు తాగుతాను.